గౌస్ పాషా ఇంట్లో ఆగిన నూలు

(‘మూడు నాడెలు’ సీరియల్: పద్నాలుగో వారం)

రెండు కంప్యూటర్లు, ఒకటే మాట. పోయిన వారం వసంతను మనం అక్కడే వదిలి వచ్చాం. అమృతమ్మగారి ముందుగదిలో రెండు తెరల మధ్య కూర్చుని, ఎటు చూసినా ఎర్రగా మండుతున్న ఒకే పేరును గుడ్లప్పగించి చూస్తోంది. ఆ పేరు రంగుల గౌస్ పాషాది.

పోయిన వారం పత్రిక పక్కింటివాళ్ళు పట్టుకుపోయి తిరిగి ఇవ్వకపోతే మీ తప్పేముంది? నాలుగు ముక్కల్లో చెప్తాను, వినండి. గద్వాలలో మగ్గాల అమృతమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. భర్త పోయాక, నేతగాళ్ళ ఇళ్ళకు నూలిచ్చి, పట్టంచు చీరలు నేయించి అమ్మే వ్యాపారాన్ని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. చిన్న కోడలు వసంతది వనపర్తి. తాతల నాడే మగ్గం వదిలి కిరాణా కొట్టు పెట్టుకున్న కుటుంబం వాళ్ళది. వసంత భర్త నాగర్‌కర్నూల్లో టీచరు, ఆదివారాలకు మాత్రమే ఇంటి మనిషి. హైదరాబాదులో ఓ పెద్ద చీరల షాపువాళ్ళు ఏడాది పొడుగునా మీ చీరలే కొంటామన్నారు గాని, ఒక మెలిక పెట్టారు. ఏ చీర ఏ రోజున ఎవరి దగ్గరుందో ఫోన్ చేసిన క్షణంలో చెప్పాలట. ఇన్నాళ్ళూ ఆ లెక్కంతా అమృతమ్మ తలలోనే ఉండేది. ఆమె నిద్రపోతే లెక్కా నిద్రపోయేది!

అందుకని వసంత రెండు సాఫ్ట్‌వేర్లను ఇంటికి రప్పించింది. పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారినప్పుడల్లా అవే గుర్తుపెట్టుకుంటాయి. తర్వాతి మనిషికి సెల్‌ఫోన్లో కబురు పెడతాయి. ఆలస్యమైతే ఎవరి దగ్గర ఆగిందో ఎర్రగా చూపిస్తాయి. ఒకటి ‘కార్యదర్శి’. హైదరాబాదు కంపెనీది, దాన్ని మెడలో టైతో సహా మోసుకొచ్చినవాడు సుదర్శన్. రెండోది ‘నడక’. వనపర్తి బస్టాండు పక్కన కంప్యూటర్ సెంటర్ నడిపే షాకీర్ సొంతంగా రాసుకున్నది. సగం మగ్గాలు దీనికి, సగం దానికి అప్పగించి పోటీ పెట్టారు.

కార్యదర్శి చూడడానికి పెళ్ళికూతురు. రంగురంగుల బొమ్మలు, గీతలు. షాపువాళ్ళు హైదరాబాదులో కూర్చునే అంతా చూసుకోవచ్చు. కాని ఇంటర్నెట్ లేకపోతే దానికి నోరు పెగలదు, గద్వాలలో ఇంటర్నెట్ సంగతి మీకు నేను చెప్పాలా! నడక చూడడానికి వంటింటి గోడలా ఉంటుంది, అప్పుడప్పుడు మొండికేస్తుంది, ఆపి మళ్ళీ పెట్టాలి. కాని తెలుగులో మాట్లాడుతుంది, కరెంటు పోయినా పనిచేస్తుంది. ఏది గొప్పదో తేలకముందే, అన్ని విషయాల్లోనూ పోట్లాడుకున్న ఆ రెండూ ఒక్క విషయంలో చేతులు కలిపాయి. ‘మీ చీరలు ఆలస్యమయ్యేది గౌస్ పాషా దగ్గరే’ అన్నాయి.

దాంతో అమృతమ్మ ముఖం గంటు పెట్టుకుంది. “రేపు పొద్దున వాన్ని పిలువు” అంది. అదీ పోయిన వారం కథ.

ఆ రేపు పొద్దున్న ఇదిగో వచ్చేసింది. వసంతకు మాత్రం మెతుకు గొంతు దిగలేదు. ఈ పెట్టెలను ఇంట్లోకి తెచ్చింది తనే. తన చేత్తో తెచ్చిన పెట్టె, తాను కోడలిగా గడప దాటిన రోజు నుంచీ తనను ‘బిడ్డా’ అని పిలిచిన మనిషి కడుపు కొట్టబోతోంది. ‘నా నెత్తి మీద నేనే నిప్పులు పోసుకున్నాను’ అని తనను తాను తిట్టుకుంది.

నిన్న సాయంత్రం ఉండబట్టలేక కోట వెనక గల్లీలో ఉన్న గౌస్ పాషా ఇంటికి వెళ్ళి వచ్చింది కూడా. ఆయన ఇంట్లో లేడు. భార్య తాజ్‌బీ వరండాలోనే మంచినీళ్ళిచ్చింది, ఎప్పటిలా లోపలికి రమ్మనలేదు. లోపలి గదికి పరదా దించి ఉంది. సాంబ్రాణి వాసన వస్తోంది. “చుట్టాలొచ్చిన్రు బిడ్డా, ఒంట్ల మంచిగలేదు వాళ్ళకు” అంది తాజ్‌బీ, పరదాకు అడ్డంగా నిలబడి. వసంత చూపు మాత్రం వరండా దూలానికి వేలాడుతున్న గుడ్డ మూటల మీద పడింది. ఒక మూటను చేత్తో నొక్కి చూసింది. తడి లేదు. రంగు ఆరి ఎన్నాళ్ళయిందో! ఆ సంగతి రాత్రంతా ఆమె మనసులో ముల్లులా కదులుతూనే ఉంది.

ముందుగదిలో ఒకటో మగ్గం కొత్త పడుగు పోగుల కోసం కడిగి ముస్తాబై ఉంది. అది అమృతమ్మ భర్త కూర్చుని నేసిన మగ్గం. షాపువాళ్ళ మొదటి చీరకు దాని మీదనే రేపు పొద్దున పడుగు ఎక్కించి పూజ చేయాలని, వాళ్ళ మనిషి కళ్ళారా చూసుకోవడానికి వస్తున్నాడని, ఊరంతటికీ తెలుసు. ఆ మగ్గం పక్క బల్ల మీదనే రెండు కంప్యూటర్లు.

ఈ ఇంట్లో కంప్యూటర్ మాట మొదట ఎత్తింది మాత్రం వసంత కాదండోయ్. పెద్దకొడుకు శ్రవణ్ కుమార్. “నా మగ్గాలు డబ్బాల కూసోవు. గంత ఇష్టమైతె ఆ డబ్బానే పెట్టుకోని బతుకుపో!” అంది తల్లి, కోపంలో. మాట జారితే తీసుకోగలమా? అతను నిజంగానే భార్య అర్చనను తీసుకుని వెళ్ళిపోయాడు, ఈ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని. ఎక్కడున్నాడో ఈ ఇంట్లో ఎవరూ అనరు, ఆమె అడగదు. గట్టు ఊళ్ళో ఉండే అర్చన తల్లి బాలమ్మకు మాత్రం అమృతమ్మ నూలు ఆపలేదు. “కోపం మనిషి మీద గని మగ్గం మీద కాదు” అంటుంది. బాలమ్మ మగ్గం మీద నుంచి వచ్చిన చీర అంచును మిగతా చీరలకన్నా కొంచెం ఎక్కువసేపు చేత్తో తడిమి చూస్తుంది. ఆ అంచు ఎవరి చెయ్యి నేసిందో వసంతకు ఏనాడూ చెప్పలేదు.

గౌస్ పాషా వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, మోచేతుల దాకా వదలని నీలం రంగు. అరుగు మీదే కూర్చోబోయాడు.

“లోపలికి రా గౌసూ. అరుగు మీద మాట్లాడే మాట గాదు” అంది అమృతమ్మ.

లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సుదర్శన్ టై సర్దుకున్నాడు. షాకీర్ తలవంచుకుని లాప్‌టాప్ మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

“నీ కాడ నూలు ఆగుతున్నది. ఒక్కటి రెండయితె నేను నోరు తెరవకపోదును. ఇన్ని ఇండ్ల నూలు నీ కాడ్నే కూసున్నది. నేనంటలేను, గీ రెండు మిషన్లు అంటున్నయి” అంది అమృతమ్మ.

“మిషన్లు అంటె అననీయుండ్రి అమ్మా. మీరేమంటరు?”

“నేననేదేముంది? కండ్లకు కనవడుతున్నది గద!”

గౌస్ పాషా ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. ఏదో వెతుక్కున్నట్టు చూశాడు, దొరకనట్టు తల దించుకున్నాడు.

“మీరు గూడ గదే మాటంటె నేను చెప్పెదేముందమ్మా? ఏ దినం నుంచి రావద్దంటరో చెప్పుండ్రి. ఉన్న రంగులు, గుండిగలు మీవి మీకు అప్పజెప్పి పోత” అన్నాడు.

సుదర్శన్ గొంతు సవరించుకుని, హైదరాబాదు శివార్లలో నూలుకు రంగులేసే యూనిట్ ఒకటి ఉందని, చెప్పిన రోజుకు లారీలో పంపిస్తారని చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. అత్తగారి మాటకు అడ్డం వెళ్ళడం వసంతకు అలవాటు లేదు. అయినా లేచింది.

“అత్తమ్మా, నేనొక మాట అడుగుత. తర్వాత మీ ఇష్టం” అని గౌస్ పాషా వైపు తిరిగింది. “చాచా, నిన్న మీ ఇంట్ల మూటలు ముట్టి చూసిన. అవి తడివి గావు.”

“ఎందుకు తడిగుంటయి బిడ్డా? ఎండి చాన దినాలయె.”

“మరి పనయిపోయిన నూలు మగ్గాల ఇండ్లకు ఎందుకియ్యలే?”

గౌస్ పాషా ఆమెను వింతగా చూశాడు. అన్నం ఎందుకు తింటారని అడిగితే మనం చూస్తామే, అలా.

“ఎట్లియ్యమంటవు? వాళ్ళిండ్లల్ల మైల గద!”

“మైలా?”

“శాంతయ్య అన్న పోయిండు. సత్యమ్మ ఇంట్ల మనుమడు పుట్టిండు, పురుడు. చావుగాని పుట్టుక గాని, మైల తీరేదాక కొత్త నూలు ఇంట్లకు తీస్కపోరు గద మీ దాంట్ల. మీ మైల మా ఇంటికంటదు. అందుకే నా కాడ పెట్టి పోతరు. మా అబ్బ కాలం సంది గిదే నడుస్తున్నది” అన్నాడాయన.

అమృతమ్మ చేత్తో నుదురు కొట్టుకుంది. ఆ చప్పుడుకు షాకీర్ ఉలిక్కిపడ్డాడు.

“అయ్యో నా బుద్ధి మండ! మా అత్త పోయినప్పుడు మా నూలే వీళ్ళ దూలానికి వేలాడె. నేనే పోయి పెట్టొచ్చిన! గిది నాకు తెల్వదా?”

తెలుసు. ఆమెకే కాదు, ఊళ్ళో మగ్గమున్న ప్రతి ఇంటికీ తెలుసు. అందుకే ఎవరూ చెప్పలేదు. వసంత పలకా బలపం పట్టుకున్నట్టు ఇల్లిల్లూ తిరిగి ‘పని ఎట్ల నడుస్తది, ఎవరి తర్వాత ఎవరు’ అని అడిగినప్పుడు, రంగన్నారు, పడుగన్నారు, మగ్గమన్నారు. మైలప్పుడు నూలు గౌస్ పాషా ఇంట్లో ఉంటుందని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. పొద్దున లేస్తే ముఖం కడుక్కుంటామని ఎవరైనా ప్రత్యేకంగా చెప్తారా? నేతగాడు నూలు అందుకున్నాడని ఫోన్ వస్తేనే రంగు పని అయిపోయినట్టు రాసుకోవాలని వసంత రెండు సాఫ్ట్‌వేర్లకూ నేర్పింది. అవి పాపం నేర్పినట్టే నడిచాయి. ఊరి మైలంతా తీసుకొచ్చి గౌస్ పాషా నెత్తిన పెట్టాయి.

“మరి నోరు తెరిచి చెప్పొద్దా గౌసూ? రాయి లెక్క నిలవడ్డవు!” అంది అమృతమ్మ. గొంతులో కోపమే ఉంది, కాని అది ఎవరి మీదో ఆమెకే తెలుసు.

“మీకు తెల్వని సంగతి అయితె చెప్పుదునమ్మా. తెలిసి గూడ అడుగుతున్నరంటె, నన్ను వద్దనుకోని సాకు దేవులాడుతున్నరనుకున్న.”

అమృతమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకోలేదు, దాచుకోలేదు. “తప్పయింది. నేనుండంగ నీ పని ఎటూ పోదు. ఇగ గా మాట ఎత్తకు, నాకు సిగ్గయితున్నది” అంది.

వసంతకు నెత్తిన పాలు పోసినట్టయింది. ఎప్పటి నుంచి బిగబట్టుకుందో ఏమో, ఊపిరి ఒక్కసారిగా వదిలింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికన్నా ముందు ఆకలేసింది. లోపలికి పరుగెత్తి అందరికీ చాయ్ పెట్టి, పొద్దున తను తినకుండా వదిలేసిన ఉప్మా కూడా వేడి చేసి తెచ్చింది. గౌస్ పాషా చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చల్లారేదాకా తాగడం మరిచిపోయాడు.

ఇక కంప్యూటర్ల సంగతి. వసంత ఇద్దరినీ ఒకటే అడిగింది. “రంగుకు, మగ్గానికి నడుమ ఇంకొక మెట్టు కావాలె. నూలు తయారున్నది గని ఆగి ఉన్నది అని చెప్పేటందుకు. ఎవరు పెడతరు?”

సుదర్శన్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు తన తెర వైపు చూశాడు, పెళ్ళికూతురిలాంటి తన తెర వైపు. “అబద్ధం చెప్పను మేడమ్. మా దాంట్లో మెట్లన్నీ ముందే పోత పోసేసి ఉంటాయి. ఫ్యాక్టరీల కోసం చేసింది ఇది. కొత్త మెట్టు కావాలంటే హెడ్డాఫీసుకు రాయాలి, వాళ్ళు ఒప్పుకుంటే వచ్చే ఏడాది వస్తుంది. అయినా ‘మైల’ అని రాస్తే మా ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు” అన్నాడు.

“ఆగిన నూలు అని రాస్తె సాలు. మా మైల సంగతి షాపోళ్ళకెందుకు?” అంది అమృతమ్మ.

షాకీర్ అప్పటికే వేళ్ళు ఆడిస్తున్నాడు. మధ్యలో కరెంటు పోయింది. కార్యదర్శి కళ్ళు మూసుకుంది, దాని యూపీఎస్ కుయ్యోమొర్రో అని అరిచి ఊరుకుంది. లాప్‌టాప్ మీద నడక మాత్రం నడుస్తూనే ఉంది. మిగతా చాయ్ గ్లాసులు కడిగేలోపు ‘ఆగిన నూలు’ అని కొత్త గడి వచ్చి కూర్చుంది, పక్కనే ‘కారణం’ అని చిన్న గడితో సహా.

“షాపువాళ్ళు హైదరాబాదు నుంచి చూడాలి కదా, అదెలా చేస్తావ్?” అడిగాడు సుదర్శన్. ఓడిపోయిన మనిషి గొంతు కాదది, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

“పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వాళ్ళకు మెయిల్ పంపుత సార్. నెట్టుంటె అప్పుడే, లేకుంటె వచ్చినంక.”

“ఫోన్ చేస్తే ఇక్కడ వసంత మేడమ్ చూసి చెప్పేస్తారు. సరిపోతుంది” అని సుదర్శన్ తనే తీర్పు చెప్పి, తన వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. అమృతమ్మ “తిని పో నాయనా, ఎండల వచ్చినవు” అని ఉప్మా గిన్నె అతని ముందుకు తోసింది.

వసంత ఒక్కొక్క నూలు పేరూ చదువుతూ ఉంటే, గౌస్ పాషా కారణం చెప్తున్నాడు. శాంతయ్యది మైల. సత్యమ్మది పురుడు. చెప్పినకొద్దీ ఎరుపు తెల్లబడుతోంది. గౌస్ పాషా పేరు పక్కన ఎర్ర గడులు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, వసంతకు తన ఇంట్లో జ్వరం దిగిపోతున్నట్టే ఉంది. చివరికి ఒక్కటి మిగిలింది.

“గట్టు బాలమ్మ” చదివింది వసంత.

గౌస్ పాషా చేతిలోని చల్లారిన గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

“చాచా, బాలమ్మ నూలు.”

“దాన్ని ఊకె వదిలెయ్యి బిడ్డా.”

“వదిలేస్తె మీ పేరు మీదనే ఎర్రగుంటది.”

“ఉండనీ. ఒక్కటుంటె ఏమయితది? నా ఆలస్యమే అనుకో” అన్నాడు గౌస్ పాషా, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇందాక ఇన్ని ఎర్ర గడులు తనవి కావని తేలిన మనిషి, ఈ ఒక్కటి మాత్రం నాదే అంటున్నాడేమిటి? అమృతమ్మ మంచం మీద నుంచి లేచింది. చీరలో ఒక్క పోగు తప్పితే పట్టే కళ్ళు అవి.

“గౌసూ, ఇటు చూడు. బాలమ్మ నూలు ఎందుకాగింది?”

ఆయన ఇటు చూశాడు. మెల్లగా అన్నాడు. “పురుడమ్మా.”

“బాలమ్మ ఇంట్ల పురుడేంది? మొగడు లేడు, కొడుకు లేడు. ఉన్న ఒక్క బిడ్డను...” అమృతమ్మ మాట సగంలో ఆగిపోయింది. పెదవులు మాత్రం కదిలాయి. “ఉన్న ఒక్క బిడ్డను నా ఇంటికే ఇచ్చింది.”

వసంత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“శ్రవణ్ బాబు మాట తీసుకున్నడమ్మా నాతోని. ‘మా అమ్మ తానుగ అడిగితెనే చెప్పు చాచా, అడగకుంటె చెప్పకు’ అన్నడు. ఇయ్యాల మీరడిగిన్రు” అన్నాడు గౌస్ పాషా. ఆయన ముఖంలో కూడా బరువు దిగిన నవ్వు మెల్లగా విచ్చుకుంది. “ఆడపిల్ల. అర్చనమ్మ మంచిగున్నది. పిల్ల పుట్టినప్పుడు జర బరువు తక్కువుండె, ఇప్పుడు తేరుకున్నది. పిడికిలి పట్టిందంటె విడవదు, మీ లెక్కనే.”

అమృతమ్మ నవ్వలేదు, ఏడవలేదు. ఆమె చూపు వెళ్ళి వెళ్ళి ఒకటో మగ్గం మీద ఆగింది.

ఎందుకు ఆగిందో వసంతకు ఇప్పుడు అర్థమైంది. పొద్దున అయితే అర్థమయ్యేది కాదు. కొడుక్కి బిడ్డ పుడితే ఆ పురుడు అతని కన్నవారి ఇంటికీ ఉంటుంది. తెలియనంతసేపు సరే, చెవిన పడ్డాక ఉన్నట్టే. పురుడున్న ఇంట్లో కొత్త పడుగు ఎక్కించకూడదు, పూజ చేయకూడదు. రేపు పొద్దున షాపు మనిషి వచ్చి చూడబోయేది ఆ మగ్గాన్నే. ఆ మగ్గం రేపు ఆడాలంటే ఒకటే దారి ఉంది. ‘వెళ్ళిపోయినవాడి పురుడు మాకు లేదు’ అని అమృతమ్మ ఒక్క మాట అనాలి. ఆ మాట అంటే, ఆ పిల్ల ఈ ఇంటి పిల్ల కాదన్నట్టే. ఇంతకాలం ఆ మాట అనడానికి ఆమెకు కోపం చాలినంత ఉంది. ఇప్పుడు వ్యాపారం కూడా అదే అనమంటోంది.

అత్తమ్మా, అనకండి, అనకండి, అని వసంత మనసులోనే మొక్కుకుంది.

అమృతమ్మ వచ్చి షాకీర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. కంప్యూటర్లు ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ ఆమె ఆ బల్ల దగ్గరికి రావడం అదే మొదలు.

“ఒకటో మగ్గం ఏడున్నది గిండ్ల?”

“ఇగో అమ్మా. రేపు పొద్దున పడుగు అని ఉన్నది” చూపించాడు షాకీర్.

“ఆపు.”

షాకీర్ వసంత వైపు చూశాడు. వసంత తల ఊపింది. నొక్కాడు. “కారణం ఏం రాయాల్నమ్మా?”

“పురుడు.” అమృతమ్మ తెర మీదికి వేలు చూపింది. “మగ్గాల అమృతమ్మ ఇంట్ల పురుడొచ్చింది, ఆమెకు మనుమరాలు పుట్టింది అని రాయి. అందరికి కనవడేటట్టు రాయి.”

“కారణం గడిలో అంత పట్టదమ్మా.”

“పట్టకుంటె గడి పెద్దగ చెయ్యి! ఇంతసేపు మెట్లే కట్టినవు, గడి పెద్దగ చెయ్యరాదా?”

సుదర్శన్ ఉప్మా పళ్ళెం పట్టుకునే పకపకా నవ్వాడు. వసంత ఇక ఆపుకోలేక అత్తగారిని వెనక నుంచి కౌగిలించుకుంది. “ఏందే, నన్ను వదులు, ఊపిరాడుతలేదు” అంది అమృతమ్మ, చేత్తో మాత్రం తోసెయ్యలేదు. షాపు మనిషికి ఏం చెప్పాలో రేపు చూసుకుందాం. ఉన్న సంగతే చెప్తే, వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు పుట్టరా ఏం?

“ఇగ నడువు వసంతా, ఆటో పిలువు. గట్టుకు పోదాం. పిల్లను చూస్త. వాడు తలుపు తియ్యకుంటె వాకిట్ల కూసుంట” అంటూ లేచింది అమృతమ్మ.

గౌస్ పాషా అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. చేతిలో చల్లారిన చాయ్ గ్లాసు అలాగే ఉంది.

“గట్టుకెందుకమ్మా? వాళ్ళు గట్టుల లేరు.”

“మరి ఏడున్నరు?”

“పిల్ల బరువు తక్కువున్నదని దవాఖాన దగ్గర్నే ఉండుమన్నది డాక్టరమ్మ. మా ఇల్లయితె దగ్గర గదా. నూలొక్కటే గాదమ్మా నా ఇంట్ల ఆగింది.”

వసంతకు దించిన పరదా గుర్తొచ్చింది, సాంబ్రాణి వాసన గుర్తొచ్చింది. తాజ్‌బీ ఎందుకు అడ్డంగా నిలబడిందో తెలిసి, ‘అంత దగ్గర దాకా వెళ్ళి వచ్చానా!’ అనుకుంది.

అమృతమ్మ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతోంది. “కోట వెనకాలకు ఆటో ఎందుకు, నడిచే పోత.”

“జర ఆగుండ్రి అమ్మా” అన్నాడు గౌస్ పాషా, ఈసారి కాస్త కంగారుగా. “మిషన్ల మాట మీద మీరు నన్ను పిలిచిన్రంటె, పనిల నుంచి తీసేస్తున్నరనే పొద్దున శ్రవణ్ బాబు అనుకున్నడు. నేనొద్దన్నా వినలే. ‘నువ్వు ముందు నడువు చాచా, నేను ఎనక వస్త. గా డబ్బా మాట ఇని నీ పని తీస్తదా, ఇయ్యాల మా అమ్మనో నేనో తేలాలె’ అన్నడు. ఇక్కడ ఇట్లయిందని ఆయనకేం తెలుసు...”

బయట ఎవరో గేటు గొళ్ళెం తీశారు.